పక్షిని పిలిపించే హక్కు ఎవరిచ్చారు?

హిమాలయాల్లో పక్షుల్ని చూసి వచ్చినవాళ్ల దగ్గర కూర్చుంటే ఈ మధ్య ఒకటే గోడు. "అంత డబ్బు పోశాం. దొరక్క దొరక్క సెలవు దొరికింది. ఢిల్లీ దాకా ఒక రైలు, కాఠ్‌గోదాం దాకా ఇంకో రైలు, అక్కణ్ణుంచి మలుపుల దారిలో జీపు. తీరా వెళ్తే రాసుకెళ్లిన పక్షుల్లో సగం కూడా చూపించలేదు. స్పీకరు పెట్టి పిలవమంటే పిలవనన్నాడు. నాలుగు గింజలు చల్లమంటే చల్లనన్నాడు. అలాంటి గైడుకి డబ్బెందుకివ్వాలి?" హైదరాబాద్‌లో, విశాఖలో, బెంగళూరులో కెమెరా పట్టిన మన తెలుగువాళ్లు చాలామంది ఇలాగే మాట్లాడుతున్నారు. అలసటలో అన్న మాటైతే విని ఊరుకోవచ్చు. కానీ ఇది ఒక వాదనగా స్థిరపడుతోంది. డబ్బు కట్టినవాడికి పక్షిని చూపించడం గైడు బాధ్యత అట. చూపించకపోతే అది సేవాలోపం అట. కూత వినిపించి రప్పిస్తే పక్షికి పోయేదేమీ లేదట. ఈ మూడు మాటలూ తప్పే. మూడోదైతే హానికరం కూడా.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. కొండల్లో పనికిమాలిన గైడులు లేకపోలేదు. పొద్దున్న ఐదున్నరకి రావాల్సినవాడు ఏడింటికి వస్తాడు. కనిపించిన ప్రతి చిన్న పిట్టనీ "వార్బ్లర్" అని సరిపెడతాడు. దారి పొడవునా ఫోన్లోనే ఉంటాడు. అలాంటివాళ్ల మీద ఫిర్యాదు చెయ్యండి, డబ్బు వెనక్కి అడగండి, అందులో న్యాయం ఉంది. నా అభ్యంతరమల్లా తన పని నిజాయితీగా చేసిన గైడును, పక్షి రానందుకు దోషిగా నిలబెట్టడం మీదే.

కొండ అడవిలో పక్షి ఎలా కనిపిస్తుందో తెలిస్తే ఈ వాదన మొదట్లోనే వీగిపోతుంది. మన నేలపట్టులో, కాలం కలిసొస్తే, గూడబాతులు చెరువులోని చెట్ల మీదే కళ్లెదుట ఉంటాయి. నైనితాల్ పైన పాంగోట్ చుట్టూ ఉన్న బాంజ్ అడవి అలా ఉండదు. బాంజ్ అంటే అక్కడి సింధూర వృక్షం, ఓక్. దాని కొమ్మల మీద నాచు, ఫెర్న్, బెరడు పగుళ్లలో పురుగులు. చలికాలంలో ఆ పురుగుల కోసం చిన్న పక్షులన్నీ జాతి భేదం లేకుండా ఒక జట్టు కడతాయి. టిట్‌లు, నట్‌హ్యాచ్‌లు, మాను మీద పైకి పాకే ట్రీక్రీపర్లు, ఆకు ఆకునీ వెతికే వార్బ్లర్లు, తోక విసనకర్రలా విప్పే ఫ్యాన్‌టెయిల్‌లు కలిసి కదులుతాయి. ఒకటి కదిపిన పురుగును ఇంకొకటి అందుకుంటుంది. డేగ వస్తే ఎవరో ఒకరు ముందు చూస్తారు, అందరూ దాక్కుంటారు. అందుకే అక్కడ గంటసేపు నడిచినా అడవి ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా తల మీద కొమ్మలన్నీ కదులుతాయి. రెండు మూడు నిమిషాల్లో ఆ జట్టు వాలు దిగిపోతుంది, మళ్లీ ఏమీ ఉండదు.

ఆ రెండు మూడు నిమిషాల కోసం ఎక్కడ నిలబడాలో గైడుకి తెలుసు. నిన్న ఆ జట్టు ఏ పక్కన తిరిగింది, ఏ వాలు మీద ఎండ ముందు పడుతుంది, ఏ చెట్టుకి ఈ వారం పండు వచ్చింది అన్నది ఆయన చూసుకుని ఉంటాడు. కానీ జట్టు ఆ పూటే ఆ దారినే రావాలని శాసించే శక్తి ఆయనకు లేదు. ఇంకొకటి కాలం. 3000 మీటర్ల పైన గూళ్లు కట్టుకునే పక్షులెన్నో చలికాలానికి లోయల్లోకి దిగిపోతాయి. రామ్‌నగర్ దగ్గర కోసీ నది గుండ్రాళ్ల మధ్య ఐబిస్‌బిల్, ఆ పరిసరాల రాతి గోడల మీద వాల్‌క్రీపర్ కనిపించేది అందుకే. మే నెల సెలవుల్లో పిల్లలతో వచ్చి, ఎవరో జనవరిలో తీసిన ఫొటో చూపించి, ఇది కావాలంటే గైడు ఏం చెయ్యాలి?

పాంగోట్ నుంచి కాస్త ముందుకెళ్తే వినాయక్ అనే చోట నిటారుగా గడ్డి వాలులుంటాయి. చీర్ ఫెసెంట్ అనే అడవికోడి వాటి మీద ఉంటుంది. పడమటి హిమాలయాల్లోనే బతికే ఈ పక్షి ప్రమాదపు అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది. దట్టమైన అడవి దానికి అక్కర్లేదు. ఊరి ఆడవాళ్లు పశువులకి గడ్డి కోసుకునే వాలులే దాని ఇల్లు. తెల్లవారుజామున, మునిమాపున అరుస్తుంది, మిగతా పగలంతా గడ్డిలో కలిసిపోతుంది. ఒక మార్చి సాయంత్రం ఆ వాలు ఎదురుగా రోడ్డంచున నిలబడిన గుంపులో నేనూ ఉన్నాను. వెలుగు తగ్గుతోంది. ఎవరో గైడుతో స్పీకరు పెట్టమన్నారు. ఆయన హిందీలో చాలా మర్యాదగా, ఇవి జత కట్టే రోజులు, పెట్టను అన్నాడు. ఇంకొకరు తమ ఫోను తీశారు. ఆయన చేతులు జోడించి, మీరు పెడితే నేను వెళ్లిపోతాను అన్నాడు. కింద ఎక్కడో ఒకసారి చీర్ కూసింది. చీకటిపడింది, కనిపించలేదు. తిరుగు దారిలో జీపులో ఆ మనిషి మీద పడిన మాటలు నేనింకా మర్చిపోలేదు. పొద్దుణ్ణుంచి ఆయన చూపించిన కోక్లాస్, ఖలీజ్ అడవికోళ్లు, వడ్రంగి పిట్టలు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక మూడో మాట. "కూత వినిపిస్తే ఏం పోతుంది? తుపాకీ పేల్చామా?" అంటారు. ఏం పోతుందో చెప్తాను. మగ పక్షి పాడేది మన చెవులకి ఇంపుగా ఉండాలని కాదు. ఈ నాలుగు చెట్లూ నావి, ఇక్కడ నా జత ఉంది, గూడు ఉంది అని సాటి మగవాటికి చెప్పడానికి పాడుతుంది. దాని నడి ఇంట్లో మనం స్పీకరు పెడితే శత్రువు లోపలికి వచ్చాడని అనుకుంటుంది. తిండి వదిలేస్తుంది, కాపలా వదిలేస్తుంది, వెతుకుతుంది. దొరకని శత్రువును ఓడించడం ఎలా? అర్ధరాత్రి ఎవరో తలుపు దబదబా బాది పారిపోతూ ఉంటే ఆ ఇంట్లోవాళ్ల పరిస్థితి ఏమిటో దాని పరిస్థితీ అదే. రెండు వేల మీటర్ల ఎత్తున పది గ్రాముల పిట్ట చలి రాత్రంతా ఒంట్లో కొవ్వు కరిగించుకుని తెల్లారేసరికి ఖాళీ కడుపుతో లేస్తుంది. బర్డర్లు స్పీకర్లతో దిగేది సరిగ్గా ఆ మొదటి గంటలోనే. ఒక్క గుంపు వెళ్లాక ఇంకో గుంపు, అదే మలుపు, అదే చెట్టు, అదే కూత.

ఇంకో ఎత్తు ఉంది, దాన్ని చాలామంది తెలివిగా చెప్పుకుంటారు. చిన్న పిట్టల్ని తినే కాలర్డ్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ కూత వినిపిస్తారు. దాన్ని తరిమెయ్యడానికి చుట్టుపక్కల చిన్న పక్షులన్నీ గగ్గోలు పెడుతూ పోగవుతాయి. కెమెరాలకి పండగ. లేని గుడ్లగూబ కోసం ఒక అడవి ముక్క మొత్తం భయపడి బయటికొచ్చింది, దాన్ని మనం ఫొటో తీసుకున్నాం. పక్షులంటే ప్రేమ అని చెప్పుకునే మనిషి చెయ్యదగ్గ పనేనా ఇది?

"రోజూ వింటే అలవాటు పడిపోతాయి" అని ఒక సమర్థన ఉంది. అలవాటు పడటమంటే ఏమిటో ఆలోచించండి. నిజమైన శత్రువు వచ్చినా లేవకపోవడమే కదా. నిజం గుడ్లగూబ కూసినా లెక్కచెయ్యకపోవడమే కదా. ఇది సమర్థన కాదు, నష్టాన్ని ఒప్పుకోవడం.

మరి శాస్త్రవేత్తలు కూత వినిపించడం లేదా అని అడుగుతారు. వినిపిస్తారు. దానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. కడప జిల్లాలో కలివి కోడి కోసం వెతికినవాళ్లు దాని కూతను వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. ఆ పక్షి అసలు ఉందో లేదో, ఏ పొదల్లో ఉందో తెలిస్తేనే ఆ పొదల్ని కాలువల నుంచీ క్వారీల నుంచీ కాపాడమని అడగగలరు. అనుమతితో, పద్ధతిగా, లెక్కపెట్టి, రాసుకుని చేసిన పని అది. సెలవుకి వచ్చినవాడి ఫొటో కోసం రోజుకి ఇరవైసార్లు మోగే స్పీకరుకు ఆ పరిశోధకుణ్ణి సాక్ష్యంగా పిలవడం అన్యాయం. పైగా కలివి కోడి కథ అంతా చెప్పుకుంటే అది నా పక్షానే మాట్లాడుతుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడని ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రి పూట దీపం వెలుగులో దాన్ని పట్టుకుని చూపించింది ఐతన్న అనే స్థానికుడు. పెద్ద పెద్ద పుస్తకాలు అంతరించిందేమో అన్న పక్షి ఆ నేల మీద తిరిగే మనిషికి తెలుసు. అడవి పక్కనే పుట్టి పెరిగిన గైడు దగ్గర ఉండేది ఆ రకం తెలివే. ఫోన్ యాప్ కూత విని పేరు చెప్తుంది, సంతోషం. ఈ వాగు ఒడ్డున ఫోర్క్‌టెయిల్ గూడు ఉంది, ఈ నెల్లాళ్లూ ఇటు రావద్దు అని యాప్ చెప్పదు.

గింజల సంగతి. భీంతాల్ వైపు, సాత్తాల్ పరిసరాల్లో ఇప్పుడు హైడ్‌లు చాలా వచ్చాయి. గుడ్డ తెర వెనక కుర్చీలు వేసి, ఎదురుగా ఎండుకొమ్మ పాతి, గింజలు చల్లి, నీళ్లు పెడతారు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టను. మోకాళ్ల నొప్పితో వాలు ఎక్కలేని పెద్దవాళ్లు ఒక నీటి గుంట దగ్గర కదలకుండా కూర్చుంటే అడవిలోకి చొరబడే గుంపుల కన్నా మేలే. నా గొడవ పురుగుల్ని గుచ్చిపెట్టి, ఉప్పగా వేయించిన మిక్చరు చల్లి, పక్షి ఫొటోకి అనువైన కొమ్మ మీదే వాలాలని మిగతా కొమ్మలన్నీ నరికించే హైడ్‌లతో. ఒకే చోట రోజూ తిండి దొరికితే అక్కడ నేలంతా రెట్టలతో నిండి రోగాలు అంటుకుంటాయి. పిల్లులూ డేగలూ కూడా ఆ చోటు కనిపెడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే చంపడం ఒక్కటే అనలేదు. తరమడం, ఎర వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట నిర్వచనంలోనే చేర్చింది. పక్షుల గూళ్లను కదిలించినా వేటే. అభయారణ్యంలో ప్రాణుల్ని వేధించడం అదే చట్టం కింద నిషిద్ధం. గింజలు వేసిన ప్రతివాడూ వేటగాడని నేననడం లేదు. ఎర వేసి రప్పించడం ఎటువైపు జరిగే పనో చట్టం రాసినవాళ్లకి తెలుసు అంటున్నాను.

ఈ కొండల్లో పక్షిని సొంతం చేసుకోవాలన్న ఆరాటం కొత్తది కాదు. సిమ్లాలో ఉండి అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ పోగుచేసిన పక్షి చర్మాలు అరవై వేలకు పైనే. అవి 1885లో లండన్ మ్యూజియానికి చేరాయి. ఆ కాలంలో చూడటమంటే కాల్చడమే, ఆ పద్ధతి వల్ల శాస్త్రానికి వచ్చిన జ్ఞానాన్ని కాదనలేం. అదే కాలంలో ముస్సూరీ, నైనితాల్ కొండల్లో హిమాలయన్ క్వెయిల్ అనే చిన్న కౌజు జాతి ఉండేది. 1876లో నైనితాల్ దగ్గర దొరికినదే చివరి నిశ్చితమైన ఆధారం. ప్రపంచంలో దాని గురించి మనకున్నది మ్యూజియాల్లోని కొద్దిపాటి చర్మాలే. ఎన్నో అన్వేషణల తర్వాత కూడా అది మళ్లీ కనపడలేదు. మనం రిసార్టు కిటికీలోంచి చూసే అవే వాలుల పక్షి అది.

దీనికి పూర్తిగా ఎదురు కథ అరుణాచల్‌లో జరిగింది. ఈగిల్‌నెస్ట్ అభయారణ్యంలో రమణ ఆత్రేయ 1995లో ఒక పక్షిని చూశారు. ఆయన వృత్తి ఖగోళ శాస్త్రం. పుస్తకాల్లో ఎక్కడా లేని పక్షి అది. దశాబ్దం తర్వాత మళ్లీ కనపడింది. కొత్త జాతిని ప్రకటించాలంటే ఒక పక్షిని చంపి నమూనాగా పెట్టడం పాత ఆనవాయితీ. అప్పటికి తెలిసిన పక్షులు పద్నాలుగే. ఆత్రేయ చంపలేదు. వలలో పడ్డ పక్షి కొలతలు తీసుకుని, ఊడిన ఈకలు దాచి, ఫొటోలూ కూతా నమోదు చేసి, వదిలేశారు. 2006లో వాటితోనే కొత్త జాతిని వర్ణించారు. ఆ అడవి పక్కనుండే బుగున్ తెగ పేరు పెట్టారు: బుగున్ లియోసిక్లా. ఒక శాస్త్రానికి ఆధారం కావలసిన చోట ఆయన ఆ నిగ్రహం చూపించారు. మన ఫోన్ తెరకు ఒక బొమ్మ కావలసిన చోట మనం చూపించలేమా?

గైడుకిచ్చిన డబ్బు వృథా అనేవాళ్లు ఆ తర్వాత అక్కడ జరిగింది కూడా తెలుసుకోవాలి. 1996లో సుప్రీంకోర్టు కలప నరుకుడుకు కళ్లెం వేశాక ఆ లోయల్లో ఒక ఆదాయం పోయింది. పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం లామా క్యాంప్, బోంపూ వంటి చోట్ల గుడారాలు వెలిశాయి. వంట, డ్రైవింగ్, గైడు పని స్థానిక కుర్రాళ్లకి దొరికింది. 2017లో సింగ్‌చుంగ్ బుగున్ గ్రామం తన సొంత అడవిలో 17 చదరపు కిలోమీటర్లను సామాజిక రిజర్వుగా ప్రకటించుకుంది. ఊరి యువకులే దాన్ని గస్తీ కాస్తున్నారు. లియోసిక్లా బతికున్న కొద్దిపాటి నేలకి అది పెద్ద అండ. ఈగిల్‌నెస్ట్‌లో ఏనుగులు మూడు వేల మీటర్ల దాకా ఎక్కుతాయి. పొగమంచులో మలుపు తిరిగే ముందు గైడు ఒక్కడే ముందుకెళ్లి విని, లద్ది చూసి, రమ్మని చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి ఊపడానికి ఖరీదు కట్టగలరా?

లద్దాఖ్‌లోనూ ఇదే. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో మంచు చిరుతలు 718, అందులో 477 లద్దాఖ్‌లోనే. రాత్రి కొట్టంలో దూరి ఒకే దెబ్బకి ఎన్నో గొర్రెల్ని చంపే జంతువు అది. గొర్రెలు పోయిన కుటుంబాలు పగతో దాన్ని చంపిన రోజులున్నాయి. రూంబక్ లాంటి ఊళ్లలో ఇళ్లు అతిథులకి తెరిచాక, కొట్టాలకి ఇనుప వల కప్పాక చిరుత బతికుంటే లాభం అన్న లెక్క ఊళ్లకి వచ్చింది. ఫిబ్రవరి చలిలో రోజంతా టెలిస్కోపు ముందు కూర్చుని, చిరుత కనపడక, టీ తాగి వెనక్కి వెళ్లిన అతిథి డబ్బు కూడా ఆ లెక్కలో భాగమే. కనపడలేదని ఆయన డబ్బు తిరిగి అడిగితే ఆ లెక్కే తప్పుతుంది.

"అంత నీతి ఉంటే గైడులే స్పీకర్లు ఎందుకు మోస్తున్నారు?" ఇది బలమైన ప్రశ్నే, దాటవెయ్యను. మోస్తున్నారు, నిజం. ఎందుకంటే మనం అడుగుతున్నాం. సీజనులో వచ్చిన నాలుగు నెలల సంపాదనతో ఏడాది గడపాల్సిన మనిషి ఆయన. ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చున్న కంపెనీ ఆయనకి పని ఇస్తుంది. యాత్ర అయ్యాక మనమిచ్చే నక్షత్రాల మీద వచ్చే నెల పని ఆధారపడుతుంది. ఎన్ని జాతులు చూపించాడన్నదే కొలత అయినప్పుడు, స్పీకరు తీసినవాడికి ఐదు, తియ్యనివాడికి రెండు వస్తే రేపటికల్లా అందరూ తీస్తారు. ఒత్తిడి పెట్టింది మనం, తప్పు మాత్రం కొండవాడిదా?

కాబట్టి మార్పు రావలసింది డబ్బు కట్టే చివర్లో. బుక్ చేసుకునే ముందు కంపెనీని అడగండి. గూళ్లు కట్టే నెలల్లో కూత వినిపిస్తారా? గుంపులో ఎంతమంది? హైడ్‌లో ఏం వేస్తారు? గైడు ఆ లోయవాడేనా, నేను కట్టిన దాంట్లో రోజుకి ఎంత ఆయన చేతికి వెళ్తుంది? ఫలానా పక్షి, ఫలానా చిరుత తప్పకుండా కనిపిస్తుందని కరపత్రంలో హామీ ఇచ్చేవాళ్లుంటే, ఆ హామీ ఎలా నిలబెట్టుకుంటారో రాతపూర్వకంగా చెప్పమనండి. చెప్పలేని కంపెనీకి అడ్వాన్సు పంపకండి.